పాత కత్తులకు పట్టిన తుప్పు: ఇంటి వస్తువులతో చేయదగినది, చేయరానిది

(నిజాంపురాలో మన తెలుగు కుటుంబముల సభయందు చేసిన ఉపన్యాసము)



దసరా పండుగ సమీపించుచున్నది. కొలది దినములలో మనమందరము కార్ఖానాలు కడిగి, మగ్గములకు పసుపు కుంకుమలు పెట్టి, ఆయుధపూజ చేసికొందుము. ఆ సందర్భముననే కొన్ని ఇండ్లలో దేవుని గది నుండియో, పాత పెట్టె అడుగు నుండియో, తాతల నాటి కత్తి ఒకటి వెలుపలికి వచ్చును. నాలుగు నెలల వర్షాకాలము గడచినది గనుక దానిపై ఎఱ్ఱని తుప్పు కనబడును. "అయ్యో, పండుగనాడు ఇట్లున్నదేమి!" అని ఇంటివారు చేతికందిన దానితో తోముటకు పూనుకొందురు. ఒకరు నిమ్మకాయ తెత్తురు. ఒకరు చింతపండు తెత్తురు. మరియొకరు ఇటుకపొడి తెత్తురు. తొందర ఎక్కువైనవారు సానచక్రము కడకు పంపుదురు. ఈ తొందర వలన కలుగు నష్టమును గూర్చియు, దానికి మారుగా ఇంటిలోనే చేయదగిన పనిని గూర్చియు మీకు మనవి చేయుటకు నిలుచుంటిని.

ఈ విషయము చెప్పుటకు నాకు గల అర్హత పాండిత్యము కాదు. నేను చేసిన తప్పే నాకు అర్హత. మా తాతగారు కోరుట్ల ప్రాంతము నుండి ఈ ఊరికి వచ్చినప్పుడు నేతసామానుతో పాటు ఒక కత్తిని తెచ్చిరి. నేతగాని ఇంటికి కత్తి ఎట్లు వచ్చెనని మీరు అడుగవచ్చును. ఒక దేశ్‌ముఖు గారు చీరల బాకీకి బదులుగా ఇచ్చిరని మా నాయనమ్మ చెప్పెడిది. పిడికి దిగువను, అలుగుపైన, నాలుగు పారసీక అక్షరములు చెక్కియుండెను. చదువగలవారు మాలో ఎవరును లేరు. ఎప్పుడైనను ఒక పండితునికి చూపవలెనని మా నాయనగారి కోరిక. నాకు ఇరువది ఏండ్ల వయస్సున, పండుగకు నాయనగారిని సంతోషపెట్టుదమని, చెప్పకుండ ఆ కత్తిని ఒక సాన దుకాణమునకు తీసికొనిపోతిని. సాయంకాలమునకు అద్దమువలె మెఱయుచు వచ్చినది. నాయనగారు దానిని చేతికి తీసికొని, పిడి దగ్గఱ బొటనవ్రేలితో తడవి చూచిరి. అక్షరములు లేవు. ఆయన నన్ను ఒక్క మాటయు అనలేదు. కత్తిని గుడ్డలో చుట్టి మరల పెట్టెలో పెట్టిరి. ఆ నాలుగు అక్షరములు ఏమి చెప్పెనో ఇక ఈ లోకమున ఎవరికిని తెలియదు. సానవాని తప్పు లేదు. మెఱయునట్లు చేయుమని చెప్పినవాడను నేనే.

తుప్పు అనగా నేమి?

మన ఊళ్లలో జంగు అందుము. మన పొరుగున నున్న మరాఠీవారు గంజ్ అందురు. మన గంజి బట్టకు బలమిచ్చును. వారి గంజ్ ఇనుమును తినివేయును. పేరు ఏదైనను, అది బయటి నుండి వచ్చి అంటుకొనిన మురికి కాదు. ఇదియే మొదట గ్రహింపవలసిన సంగతి. ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, నీటి తడి, ఈ మూడును కలిసినప్పుడు ఇనుమే తుప్పుగా మారును. ఉప్పు తోడైనచో ఆ మార్పు మరింత త్వరగా జరుగును. మన భివండి సముద్రపు పాయకు చేరువ ఊరు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు గోడలే చెమర్చును. ఇక మన చేతి చెమటలోనే ఉప్పున్నది. అందుచేతనే కత్తిని పట్టి చూచి అట్లే పెట్టినచో కొన్నాళ్లకు వ్రేలిముద్రల ఆకారమున తుప్పు లేచును.

బట్టపై పడిన తుప్పు మచ్చను మన ఆడపడుచులు నిమ్మరసము, ఉప్పు రాచి ఎండలో పెట్టి పోగొట్టుదురు. అది మంచి పద్ధతియే. నిమ్మపులుసు తుప్పును కరిగించును. నూలుకు అంతగా హాని చేయదు. పిమ్మట నీటితో జాడించినచో పోవును. కాని బట్టపై తుప్పు అతిథి. కత్తిపై తుప్పు కత్తి శరీరమే. పులుసు తుప్పును కరిగించి అక్కడ ఆగదు, దాని క్రింది ఇనుమును కూడ కరిగించును. గుంటలలో దూరిన పులుసును పూర్తిగా కడిగివేయుట కష్టము. ఆ కడిగిన నీరే మరల తుప్పు తెచ్చును. నేడు తెల్లనై, వారము దినములకు మునుపటికంటె ఎఱ్ఱబడిన కత్తులను మీరును చూచియుందురు.

తుప్పు రెండు విధములుగా కనబడును. ఒకటి ఎఱ్ఱగానో నారింజ వన్నెగానో ఉండి, గుడ్డతో తుడిచిన పొడిగా రాలును. ఇది ఇంకను తినుచున్న తుప్పు. రెండవది నల్లగా, గట్టిగా, నున్నగా అంటుకొనియుండును. ఇది ఏండ్ల తరబడి నిలకడపడిన పొర. దీనివలన పెద్ద హాని లేదు. మొదటిదానిని ఆపవలెను, రెండవదాని జోలికి పోరాదు. తెల్లగా మెఱయుట మన లక్ష్యము కాదు. క్షయము ఆగుట మన లక్ష్యము.

మన జిల్లాల ఉక్కు

ఒక పాత కత్తి గూర్చి ఇంత జాగ్రత్త యెందుకని కొందఱికి తోచవచ్చును. మనలో పెక్కు కుటుంబములు కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల నుండి వచ్చినవి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల అను పేర్లు మనకు నేతతోనే జ్ఞాపకము వచ్చును. కాని ఆ నేలకే మరియొక ప్రసిద్ధి కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మట్టి మూసలలో ఇనుమును పెట్టి, మూత వేసి, కొలిమిలో కరగించి, మెల్లగా చల్లార్చి, మేలైన ఉక్కు ముద్దలు తీసెడివారు. సర్వేశాఖలో వైద్యుడుగను భూగర్భశాస్త్రవేత్తగను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణము, 1824లో ఆయన మరణించిన పిదప, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఆ ఉక్కును కొనుటకు పారసీక దేశపు ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని గూర్చి అందులో కలదు. మన ఊరి ఉక్కు అంత దూరము పోయి అక్కడ కత్తులుగా మారెడిది.

పాశ్చాత్యులు దీనిని ఊట్జ్ అనిరి. ఆ పేరు మన ఉక్కు అను మాట నుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము. మైకేల్ ఫారడే 1819లోనే దీనిని పరిశోధించెను. ఇందులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు ఉండును. ముద్దను నేర్పుతో సాగగొట్టినప్పుడు అందలి కఠినమైన కణములు వరుసలు తీరి, అలుగుపైన నీటి అలలవంటి చారలు తేలును. దక్కను వాడుకలో దీనిని జౌహరు అందురు. పాశ్చాత్యులు డమాస్కసు కత్తి అని కీర్తించినది ఇట్టిదానినే. 2010లో బెంగుళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండు ఎక్సెటరు విశ్వవిద్యాలయము కలిసి ఉత్తర తెలంగాణములో సర్వే జరిపి, అనేక గ్రామములలో ఈ పరిశ్రమ ఆనవాళ్లను నమోదు చేసినవి.

మీ ఇంటి కత్తి అట్టిదే యని నేను చెప్పజాలను. చాల కత్తులు సామాన్యమైన ఇనుముతో చేసినవే. కాని తుప్పు క్రింద ఏమున్నదో తోమక ముందు తెలియదు. సాన పట్టిన పిదప తెలిసికొనుటకు మిగులదు. చారలు లోహమంతటను వ్యాపించియుండును గనుక, మెఱుగులో మరుగుపడినను నేర్పరి వాటిని మరల తేల్చవచ్చును. చెక్కిన అక్షరములు, బంగారు వెండి తీగల పని, ముద్రలు మాత్రము పైపొరలోనే ఉండును. పోయినచో పోయినవే. ఇక సానచక్రపు రాపిడికి కత్తి వేడెక్కి ఒకచోట నీలిరంగు తేలినదనుకొనుడు. అక్కడ ఉక్కు పదను చెడినదని గుర్తు.

ఇంటిలోని వస్తువుల గుణదోషములు

నిమ్మ, చింతపండు, సిర్కా, వీని పని ఇదివఱకే చెప్పితిని. కోలా పానీయములలో ఫాస్ఫారికామ్లము ఉండుటచే అవియు తుప్పును కరిగించును. కత్తిని బూడిదవన్నెగా మార్చును. మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును ఎన్నడును వాడరాదు. దాని ఆవిరి తగిలినచో అదే గదిలోని ఇతర ఇనుప సామానునకు కూడ తుప్పు పట్టును. గట్టి ఉక్కు ఆమ్లములో నానినచో పెళుసుబారు ప్రమాదము కూడ కలదు. బ్లీచింగు పొడి తుప్పును పోగొట్టదు సరిగదా, పెంచును.

ఇసుక, ఇటుకపొడి, గరుకు కాగితము, పాత్రలు తోము ఇనుప పీచు, ఇవి తుప్పుతో పాటు అలుగును గీసివేయును. ప్రతి గీతయు తడి నిలుచుటకు ఒక కాలువ. జల్లించిన బూడిదయు పండ్లపొడియు మెత్తనివే యైనను, మెఱుగు గల అలుగుపై సన్నని గీతలు పడకపోవు.

కొబ్బరినూనె, నువ్వులనూనె, నేయి పూయు అలవాటు మనలో కలదు. అప్పటికి మెఱయును. కాని ఇట్టివి నిలువయున్నకొలది జిగటపడి, పులిసి, దుమ్మును పట్టుకొనును. కుట్టుమిషను నూనె ఇంతకంటె మేలు. మగ్గములకు వాడు పలుచని స్పిండిల్ నూనె యైనను సరియే. కాని అది డబ్బా నుండి తీసిన క్రొత్త నూనె కావలెను. మగ్గము క్రింద కారిన నూనెలో ఇనుపరజను ఉండును. కిరసనాయిలు తుప్పును వదులుచేయును. అయితే అది ఆవిరియై పోవును గనుక రక్షణ ఇయ్యదు. దానిని వాడిన పిమ్మట తప్పక నూనె పూయవలెను. పొయ్యి, దీపము దగ్గఱ దానిని వాడరాదు.

చేయవలసిన క్రమము

మొదట పట్టపగలు, కిటికీ వెలుగున, భూతద్దముతో కత్తిని ఇరుప్రక్కల నిదానముగా చూడుడు. అక్షరములుగాని, బంగారు వెండి పనిగాని, అలలవంటి చారలుగాని కనబడినచో తోముట మానుడు. ఆ పని చేసిన భాగములకు తాకకుండ, వట్టి ఉక్కుపైన మాత్రము పలుచగా నూనె పూసి, తెలిసినవారికి చూపుడు. ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయమునను, హైదరాబాదులో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగు మ్యూజియమునను ప్రాచీన వస్తుసంరక్షణ తెలిసినవారు కలరు. ఫోటో తీసి పంపి సలహా అడుగుటకు వెనుదీయవలదు.

అట్టివేమియు లేనిచో, పిల్లలు లేని చోట బల్లపైన గుడ్డ పఱచి కత్తిని పడుకోబెట్టుడు. మందపు చేతితొడుగులు వేసికొనుడు. తుడుచునప్పుడు చేయి వెన్ను నుండి అంచు వెలుపలికి పోవలెను. అంచువెంట ఎన్నడును పోరాదు. పాతకత్తి మొద్దుబారినదని నమ్మి చేయి తెగినవారు కలరు.

పొడి నూలుగుడ్డతో దుమ్ము దులిపి, తుప్పు ఉన్నచోట నూనె పూసి, ఒక రాత్రి, తుప్పు మందమైనచో రెండు మూడు రాత్రులు ఉంచుడు. పిదప ముతక నూలుగుడ్డతో రుద్దుడు. కదలని చోట వెదురు పుల్లతోగాని, అంచు నున్నగానున్న రాగి నాణెముతోగాని, నూనె తడి ఆరకుండ, ఏటవాలుగా మెల్లగా గీకుడు. రాగి ఉక్కుకంటె మెత్తనిది గనుక తుప్పును లేపునేగాని అలుగును సామాన్యముగా గీయదు. మరల తుడిచి, మరల నూనె పూయుడు. ఒక్క పూటలో ముగించవలెనను పట్టుదల కూడదు. పోగు తెగినప్పుడు తొందరపడినవాడు పది పోగులు తెంచుకొనును గదా. గుడ్డకు ఎఱ్ఱపొడి అంటుట మానినప్పుడు మీరు ఆగవలెను. నల్లని మచ్చలను అట్లే ఉండనిండు.

పిడి విషయమున ఒక హెచ్చరిక. మన దేశపు తల్వారులలో అలుగు తోకను పిడిలో దూర్చి లక్కవంటి జిగురుతో బిగించెడివారు. వేడినీటిలో ముంచినను, పొయ్యి దగ్గఱ ఆరబెట్టినను, స్పిరిటు తగిలినను లక్క కరగి పిడి ఊడును. కావున కత్తిని నీటిలో ముంచవలసిన పని లేదు.

తుదకు అంతయు పొడిగుడ్డతో తుడిచి, క్రొత్త నూనెనుగాని వాజలైనునుగాని కంటికి కనబడనంత పలుచగా పూయుడు. కత్తిని ఒరలో ఉంచి మూయవలదు. చెక్క ఒరయైనను తోలు ఒరయైనను తడిని లోపల పట్టియుంచును. ఒరను వేఱుగా, కత్తిని పొడి నూలుగుడ్డలో చుట్టి వేఱుగా, గోడకు తగులకుండ ఉంచుడు. వర్షాకాలమున నెలకొకసారి విప్పి చూడుడు. ఏడాదికి నాలుగుసార్లు చూచువానికి ఎన్నడును తోమవలసిన అవసరము రాదు.

వంటింటి కత్తిపీట, కొడవలి, పలుగు వంటి నిత్యోపయోగ సామానునకు ఇంత నియమము అక్కఱలేదు. వానిని సిర్కాతోగాని నిమ్మరసముతోగాని తుప్పు వదల్చి, చాకలిసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టి, నూనె రాచుడు. సోడా మిగిలిన పులుసును విఱుచును. ఇవి అరిగినను మరల కొనవచ్చును. తాతగారి కత్తిని కొనలేము.

పూజయు, చట్టమును

పూజను గూర్చి ఒక్క మాట. కత్తి మొనకు నిమ్మకాయ గుచ్చుట మన పెండ్లిండ్లలో, పండుగలలో ఆచారము. దానిని కాదనుటకు నేనెవడను? కాని తెల్లవారులు అట్లే వదలినచో ఆ రసము మొనపై నల్లని మచ్చ వేయును. తడి పసుపు కుంకుమలును అట్లే తడిని పట్టుకొనియుండును. పూజ ముగిసిన పిమ్మట నిమ్మకాయను తీసి, మొనను తుడిచి, నూనె పూయుడు. పూజ చేయు చేతులే తుడుచుటయు చేసినచో దేవుడు తప్పు పట్టడు. పసుపు కుంకుమలను పిడికి కట్టిన చిన్న గుడ్డపై పెట్టుట ఇంకను మేలు.

చట్టమును కూడ మఱువరాదు. 1959 నాటి ఆయుధముల చట్టము, దాని క్రింది నియమములు కత్తిని ఆయుధములలో చేర్చినవి. ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో దానిని ఉంచుకొనుటకు అనుమతిపత్రము కావలెను. మీ ఇంట కత్తి ఉన్నచో న్యాయవాదినిగాని, పోలీసు ఠాణానుగాని అడిగి తెలిసికొనుట మంచిది. దానిని ఊరేగింపులలో త్రిప్పుట, వీధిలో ప్రదర్శించుట ఎంతమాత్రము తగదు. నూఱేండ్లు దాటిన చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టము క్రిందికి వచ్చును. విదేశములకు పోవు పిల్లల పెట్టెలలో పెట్టి పంపుటకు వీలులేదు.

సోదరులారా, సోదరీమణులారా! మనము స్వగ్రామములు విడిచి మూడు నాలుగు తరములైనది. అక్కడి ఇండ్లు కొన్ని కూలినవి, పొలములు కొన్ని చేతులు మారినవి. భాషను మన పిల్లల నోట నిలుపుటకే ఎంతో శ్రమపడుచున్నాము. ఆ నేల నుండి మన వెంట వచ్చిన వస్తువులు లెక్కకు కొలదియే. అవి తెల్లగా మెఱయకున్నను మనకు లోటు లేదు. వాటిపై ఉన్నది చెరగకుండ మన మనుమల చేతికి అందవలెను. ఈ దసరాకు పెట్టె తెఱచినప్పుడు నిమ్మకాయను ప్రక్కన పెట్టి, మొదట భూతద్దమును చేతికి తీసికొనుడని నా ప్రార్థన. అక్షరములు కనబడినచో నాకు కూడ కబురు పంపుడు. చదువగలవారిని వెదకుటకు నేను మీ వెంట వత్తును. మా ఇంటి కత్తి విషయమున చేయలేకపోయిన పనిని మీ ఇంటి కత్తి విషయమున చేసినచో నాకు కొంత తృప్తి కలుగును.